బాణాలు ఎంచుకోవడం ఎలా? దూరం గురి సాధన చేసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

తనిపర్తి చికిత 2025లో కెనడాలోని విన్నిపెగ్‌లో జరిగిన ప్రపంచ యూత్ ఆర్చరీ పోటీల్లో 21 ఏళ్లలోపు మహిళల కాంపౌండ్ (కొసల్లో చక్రాలుండే విల్లు) విభాగంలో స్వర్ణం గెలిచింది. ఆమెది పెద్దపల్లి జిల్లా. అప్పటినుంచి వరంగల్, కరీంనగర్ వైపు విల్లు కొంటామని అడిగేవాళ్లు పెరిగారు. అందరూ అడిగేది విల్లు గురించే. స్కోరును ఎక్కువగా చెడగొట్టేది మాత్రం బాణం. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడే చోట జవాబు కాస్త పొడుగ్గా ఇచ్చాం.

వేటకు ఏ బాణాలు మంచివి?

మన దేశంలో ఆ పనికి చట్టం ఒప్పుకోదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధించింది. చంపడమే కాదు, గాయపరచడం, పట్టుకోవడం, అందుకు ప్రయత్నించడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. షెడ్యూల్ 1లోని జంతువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు. మక్క చేనును అడవి పందులు పాడు చేస్తున్నా సరే, అధికారుల నుంచి రాతపూర్వక అనుమతి లేకుండా వాటి మీద బాణం వేయకూడదు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఆ చట్టంలో ఆయుధం అన్న మాటకిచ్చిన నిర్వచనంలోనే విల్లు, బాణాల పేర్లున్నాయి. రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి పోవడం నేరం. కాబట్టి పాకాల చెరువుకో, ఏటూరునాగారం, కవ్వాల్ అడవుల వైపో పోయేటప్పుడు విల్లు సంచిని ఇంట్లోనే పెట్టి పోండి. కారు డిక్కీలో ఊరికే ఉందన్నా చెక్‌పోస్టు దగ్గర సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.

మరి వేటలాంటి అనుభవం కావాలంటే?

త్రీడీ ఆర్చరీ ఉంది. ఫోమ్‌తో చేసిన జంతు బొమ్మల్ని చెట్ల మధ్య నిలబెడతారు. దూరం ఎంతో చెప్పరు, కంటితో అంచనా వేసి కొట్టాలి. అంతర్జాతీయ నియమాల్లో కాంపౌండ్‌కు అత్యధిక దూరం 45 మీటర్లు. దూరం అంచనా 3, 4 మీటర్లు తప్పినా నష్టం తక్కువగా ఉండాలంటే బాణం వేగంగా, వంపు తక్కువగా పోవాలి. అందుకే త్రీడీ ఆడేవాళ్లు తేలికైన బాణాల వైపు మొగ్గుతారు. మొన మామూలుదే, మొద్దుగా ఉండే ఫీల్డ్ పాయింట్. ఆన్‌లైన్లో కనిపించే బ్లేడ్ల మొనలు బొమ్మల్ని, బట్లను (బాణాన్ని ఆపే దిమ్మెలను) చీల్చేస్తాయి. మైదానాల్లో వాటిని రానివ్వరు.

ముందు విల్లు కొనాలా, బాణాలు కొనాలా?

ముందు కొలతలు తీసుకోవాలి. రెండు అంకెలు చేతిలో లేకుండా బాణాలు కొంటే డబ్బు నీళ్లలో పోసినట్టే. ఒకటి డ్రా లెంగ్త్, అంటే మీరు లాగే పొడవు. రెండోది ఆ పొడవు దగ్గర మీ వేళ్ల మీద పడే బరువు.

చేతులు చాచి వేలి కొస నుంచి వేలి కొస దాకా కొలిచి 2.5తో భాగిస్తే పొడవు సుమారుగా తెలుస్తుంది. 70 అంగుళాలు వస్తే 28. ఇది విల్లు ఎంచుకోవడానికి చాలు, బాణం కోయడానికి చాలదు. కోత కోసం తేలికపాటి విల్లులో పొడుగు బాణం పెట్టి, నిజంగా గురి పట్టినట్టే గడ్డం కింద ఆనించి లాగండి. పక్కన ఒకరు ఉండి విల్లు ముందు అంచు దగ్గర బాణం మీద పెన్నుతో గీత పెట్టాలి. ఐదుసార్లు లాగితే గీతలు ఒకచోటే పడాలి. అంగుళం అటూ ఇటూ పడుతున్నాయంటే మీరు లాగే తీరు (ఫామ్) ఇంకా కుదరలేదు, ఖరీదైన బాణాలకు ఇంకో మూడు నెలలు ఆగండి.

రికర్వ్‌లో (కొసలు ముందుకు వంగి, చక్రాలు లేని విల్లులో) బరువు కొలవడానికి సామాను తూచే కొక్కెం త్రాసు చాలు. అల్లెతాడుకు తగిలించి మీ గీత దాకా లాగి, వచ్చిన కిలోలను 2.2తో గుణించండి. 14.5 కిలోలు వస్తే 32 పౌండ్లు. రికర్వ్ లింబ్ (విల్లు రెక్క) మీద రాసి ఉండే అంకె 28 అంగుళాల దగ్గరిది. మీరు 26 దాకానే లాగితే అంగుళానికి సుమారు 2 పౌండ్ల చొప్పున తగ్గుతుంది. ‘నాది 34 పౌండ్ల విల్లు’ అని చెప్పి బాణాలు తెప్పించుకున్న సన్నపాటి అమ్మాయి చేతిలో ఆ విల్లు నిజానికి 29, 30 దగ్గరే ఉంటుంది. ఆ బాణాలు ఆమెకు గట్టివైపోతాయి.

స్పైన్ అంటే ఏంది? 500 పెద్దదా, 900 పెద్దదా?

స్పైన్ అంటే బాణం ఎంత వంగుతుందో చెప్పే కొలత. 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద షాఫ్ట్‌ను (బాణం కాడను) పెట్టి, నడుమ 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తారు. అది అంగుళంలో ఎన్ని వేయోవంతులు కిందికి వంగిందో అదే స్పైన్ అంకె. అర అంగుళం వంగితే 500. అంకె పెరిగితే బాణం మెత్తన, తగ్గితే గట్టి.

వేళ్లతో వదిలినప్పుడు తాడు కాస్త పక్కకు జారుతుంది. దాంతో బాణం పాములా వంగుతూ విల్లును దాటుతుంది. ఆ వంపు విల్లు బలానికి సరిపోతే ఈకలు ఎక్కడా తగలకుండా బయటపడుతుంది, సరిపోకపోతే ప్రతిసారీ ఒకే పక్కకు కొడుతుంది. మంచి గురి ఉన్న పిల్లవాడు కూడా నెలల తరబడి ఎడమవైపే కొడుతుంటే ముందు తప్పుపట్టాల్సింది అతన్ని కాదు, బాణాన్ని.

నాకు ఏ స్పైన్ కావాలి?

28 అంగుళాల బాణానికి మోటు లెక్క ఇది: రికర్వ్‌లో వేళ్ల మీద 30 పౌండ్లు పడితే 700 నుంచి 800 మధ్య, 40 పౌండ్లయితే 550 నుంచి 600. కాంపౌండ్‌లో 50 పౌండ్లకు 500, 60 పౌండ్లకు 400 దరిదాపు. బాణం చిన్నదైతే ఇంకాస్త మెత్తనిది, పొడుగైతే ఇంకాస్త గట్టిది కావాలి. కొనేముందు ఆ షాఫ్ట్ కంపెనీ చార్టే చూడండి. ఒక కంపెనీ చార్టు పట్టుకొని ఇంకో కంపెనీ బాణం కొనొద్దు. వాట్సాప్‌లో తిరిగే చార్టుల్లో అది రికర్వ్‌దో కాంపౌండ్‌దో కూడా రాసి ఉండదు.

రెండు స్పైన్ల మధ్య పడితే? ఎదిగే పిల్లలకు, పౌండ్లు పెంచుకుంటూ పోయేవాళ్లకు గట్టి వైపు తీసుకోండి. కాంపౌండ్ వాళ్లకూ అంతే.

చెక్క, అల్యూమినియం, కార్బన్: వీటిలో ఏది?

మొదటి ఏడాదికి అల్యూమినియం. వంగితే కంటికి కనిపిస్తుంది, డజను బాణాలూ ఒకే బరువుతో వస్తాయి, ధర తక్కువ. 18, 30 మీటర్ల దాకా ఏ ఇబ్బందీ లేదు. వాటి మీద ఉండే 1716 లాంటి అంకెలో మొదటి రెండు అంకెలు మందాన్ని అంగుళంలో 64వ వంతుల్లో చెబుతాయి, చివరి రెండూ గోడ మందాన్ని వేయోవంతుల్లో చెబుతాయి. అంటే 17/64 అంగుళాల మందం, 0.016 అంగుళాల గోడ.

50, 70 మీటర్లకు పోయాక కార్బన్ తప్పదు. తేలిక, సన్నం, గాలికి కొట్టుకుపోవడం తక్కువ. అంతర్జాతీయ రికర్వ్ క్రీడాకారుల చేతుల్లో కనిపించే ఎక్స్‌10, ఏసీఈ లాంటివి లోపల సన్నని అల్యూమినియం గొట్టం, పైన కార్బన్ ఉన్నవి. మంచివే, కానీ 72 బాణాలకు 600 పాయింట్లు దాటనివాళ్లకు అవి తెచ్చే తేడా కనిపించదు. ఆ డబ్బుతో మామూలు కార్బన్ బాణాలు రెండు డజన్లు కొని రోజూ కొట్టడం మేలు.

చెక్క, వెదురు బాణాలు ఇండియన్ రౌండ్‌కు. వెదురు విల్లుతో 30, 50 మీటర్లలో ఆడే ఈ విభాగం ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు మంచి మెట్టు. వెదురు బాణం వంకర పోతే నిప్పు సెగ మీద కాచి, వేడి ఉండగానే సరిచేసి, చల్లారేదాకా అట్లాగే పట్టుకోవాలి. కణుపు దగ్గర బలవంతం చేస్తే పగులుతుంది. ఒక్క హెచ్చరిక: చెక్క బాణాన్ని కాంపౌండ్ విల్లులో ఎన్నడూ పెట్టొద్దు. ఆ దెబ్బకు పగిలి మీ ముంజేతిలోనే దిగుతుంది.

బాణం ఎంత పొడవు కోయించాలి?

పొడవును నాక్ (తాడుకు తగిలించే బాణం వెనుక కొస) గాడి లోపలి అంచు నుంచి షాఫ్ట్ కొస దాకా కొలుస్తారు, మొన లెక్కలోకి రాదు. క్లిక్కర్ (సరైన పొడవు దాకా లాగగానే టక్కుమనే పలక) లేని కొత్త రికర్వ్ వాళ్లకు పెన్ను గీత కంటే 2 అంగుళాలు ఎక్కువ ఉంచండి, ఎదిగే పిల్లలకు 3. కాంపౌండ్‌లో పూర్తిగా లాగినప్పుడు షాఫ్ట్ కొస రెస్ట్‌కు (విల్లు మీద బాణం ఆనే చోటుకు) కనీసం ఒక అంగుళం ముందుండాలి. పొట్టి బాణం లాగేటప్పుడు రెస్ట్ మీద నుంచి వెనక్కి జారి, వదిలితే విల్లు పట్టుకున్న చేతిలో దిగుతుంది. అన్న బాణాలు తమ్ముడికి ఇవ్వొచ్చు, తమ్ముడివి అన్నకు ఇవ్వొద్దు.

కోసేకొద్దీ బాణం గట్టిపడుతుంది. ఒక అంగుళం కోస్తే దాదాపు 5 పౌండ్లు ఎక్కువున్న విల్లుకు సరిపోయే గట్టిదనం వస్తుంది. అందుకే ఒకేసారి కోయించొద్దు, పావు అంగుళం చొప్పున కోస్తూ పరీక్షించుకుంటూ పోండి. కార్బన్‌ను తిరిగే రాపిడి బిళ్లతోనే కోయాలి. పైపులు కోసే కట్టర్ పెడితే పోగులు నలిగి కొస చీలుతుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు, కళ్లద్దాలు పెట్టుకోవాలి. కోశాక కొసను సన్నని గరుకు కాగితం మీద నిటారుగా తిప్పండి. కొస వాలుగా ఉంటే మొన ఒంకరగా కూర్చుంటుంది.

మొన బరువు ఎంత ఉండాలి? గ్రెయిన్ అంటే ఎన్ని గ్రాములు?

ఒక గ్రాముకు 15.43 గ్రెయిన్లు. 100 గ్రెయిన్ల మొన అంటే దాదాపు ఆరున్నర గ్రాములు. ఆరుబయట రికర్వ్‌కు 100 నుంచి 120 వాడకంలో ఉంది. ముక్కలుగా విరుచుకునే మొనలు కొంటే 120తో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రావచ్చు. తగ్గించింది మళ్లీ అతకదు కాబట్టి తొందరపడొద్దు.

మొన బరువెక్కితే బాణం మెత్తగా ప్రవర్తిస్తుంది, ముందు బరువు కూడా పెరుగుతుంది. ముందు బరువు లెక్క తేలికే. మొన, ఈకలు, నాక్ అన్నీ ఉన్న బాణాన్ని కత్తి వీపు మీద నిలబెట్టి, అది సమంగా నిలిచే చోటును నాక్ గాడి నుంచి కొలవండి. దాంట్లోంచి బాణం పొడవులో సగం తీసేసి, మిగిలినదాన్ని మొత్తం పొడవుతో భాగించి 100తో గుణించండి. పొడవు 28.5, తూకం నిలిచింది 18 దగ్గర అనుకుందాం. 18 లోంచి 14.25 పోతే 3.75, దాన్ని 28.5తో భాగిస్తే 13 శాతం. 70 మీటర్ల రికర్వ్‌కు 11 నుంచి 16 శాతం మధ్య ఉంటే బాగుంటుంది.

తేలికైన బాణం ఇంకా దూరం పోతుంది కదా, అన్నిటికంటే తేలికది కొంటే?

విల్లు విరుగుతుంది. కాంపౌండ్‌లో ఒక్కో పౌండుకు కనీసం 5 గ్రెయిన్ల బరువుండాలి, అంటే 50 పౌండ్లకు 250 గ్రెయిన్లు. అంతకు తగ్గితే బాణం లేకుండా తాడు వదిలినట్టే. శక్తి బాణంలోకి పోక లింబ్‌ల మీదికి తిరిగొస్తుంది. లెక్క చూడండి: అంగుళానికి 7.5 గ్రెయిన్ల షాఫ్ట్ 28 అంగుళాలకు 210, మొన 100, మొనను పట్టే లోపలి బిగింపు 12, ఈకలు 18, నాక్ 8. మొత్తం 348. పౌండుకు 7 దాకా వచ్చింది, విల్లుకు ఏ భయమూ లేదు.

ఈకలు ఎట్లాంటివి?

రికర్వ్‌కు సన్నని మడత ఈకలు, స్పిన్ వింగ్ రకం. కాంపౌండ్‌కు పొట్టి ప్లాస్టిక్ ఈకలు. నిజమైన పక్షి ఈకలు చెక్క బాణాలకు, ఇండోర్‌కు బాగుంటాయి కానీ మన వానాకాలంలో తడిసి అణగిపోతాయి. మూడు ఈకలు 120 డిగ్రీల ఎడంలో, వేరే రంగుది విల్లుకు అవతలి వైపు. అతికించే ముందు షాఫ్ట్‌ను స్పిరిట్‌తో తుడిచి, ఆ తర్వాత వేలు తగలనీయొద్దు. సగం ఊడిపోయిన ఈకలకు కారణం జిగురు కాదు, వేలి నూనె. సూపర్ గ్లూ గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది. జులైలో చుక్క పెట్టగానే పట్టేస్తుంది కాబట్టి ముందే ఈకను జిగ్‌లో (ఈకలు అతికించే పట్టులో) సరిగ్గా కూర్చోబెట్టుకోండి.

నాక్ బిగుతు ఎట్లా చూడాలి?

బాణాన్ని తాడుకు తగిలించి నిలువుగా వేలాడనివ్వండి. పడిపోకూడదు. నాక్‌కు రెండు అంగుళాల దూరంలో తాడును వేలితో తడితే ఊడి పడాలి. తట్టినా పడకపోతే బిగుతెక్కువ, బాణాలు ఒక్కోటి ఒక్కో ఎత్తులో పోతాయి. తట్టకుండానే పడితే ఇంకా ప్రమాదం: లాగేటప్పుడు జారిపోయి ఖాళీ తాడు వదిలినట్టవుతుంది. నాక్ మార్చే ముందు తాడు నడుమ చుట్టిన దారం మందం మార్చి చూడండి, ఖర్చు తక్కువ.

సరైన బాణమే కొన్నానని ఎట్లా తెలుస్తుంది?

ఈకల్లేని బాణం చెబుతుంది. ఈకలున్న బాణాలు మూడు, ఈకలన్నీ పీకేసిన బాణాలు రెండు 18 మీటర్ల నుంచి ఒకే చోటికి కొట్టండి. గాలి లేని పొద్దుట పూట చేయాలి. కుడిచేతి వాటం రికర్వ్ వాళ్లకు ఈకల్లేనివి ఎడమకు పడితే బాణం గట్టి, కుడికి పడితే మెత్తన. ఎడమచేతి వాటమైతే తారుమారు.

గట్టిదైతే మొన బరువు పెంచండి, లేదా విల్లు పౌండ్లు కొంచెం పెంచండి. మెత్తనైతే పావు అంగుళం కోయండి, మొన తగ్గించండి, పౌండ్లు తగ్గించండి. తేడా అరచేయంత ఉంటే ప్లంజర్ (బాణం పక్కకు ఆనే చిన్న మీట) స్ప్రింగ్‌తోనే సర్దుకోవచ్చు. రెండు అరచేతులు దాటితే ఆ స్పైన్ మీది కాదు, మార్చుకోండి.

ఈకల్లేనివి పైన పడితే తాడు మీది నాకింగ్ పాయింట్ (నాక్ తగిలించే గుర్తు) కిందికి ఉన్నట్టు, పైకి జరపాలి. కింద పడితే కిందికి జరపాలి. ఎత్తు ముందు సరిచేసి, ఆ తర్వాతే పక్కల సంగతి చూడండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. 18 దగ్గర కుదిరాక 30కి పోండి. కాంపౌండ్ వాళ్లు రెండు మీటర్ల దూరంలో కాగితం కట్టి చినుగు చూస్తారు. రిలీజ్‌తో (వేళ్లకు బదులు తాడును వదిలే పరికరంతో) వదిలేవాళ్లు స్పైన్ సరైనదే అయితే రెస్ట్‌ను వెంట్రుకవాసి జరిపితే సరిపోతుంది.

నా బాణాలు 70 మీటర్లు అందడం లేదు. ఏం చేయాలి?

చాలాసార్లు బాణం అందుతుంది, అందనిది సైట్ (విల్లుకు బిగించే గురి పరికరం). 28, 30 పౌండ్లతో 70కి కొట్టాలంటే సైట్‌ను ఎంత కిందికి దించాలంటే ఈకలు దానికి తగులుతాయి. అల్యూమినియం నుంచి తేలికైన కార్బన్‌కు మారితే సైట్ కాస్త పైకొస్తుంది. దాని తర్వాత ఉన్న దారి కండబలమే. నెలకు 2 పౌండ్ల కంటే ఎక్కువ పెంచొద్దు, భుజం పోతుంది. అప్పటిదాకా 50 మీటర్ల దగ్గర కొట్టండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

గాలికి ఏం చేయాలి?

70 మీటర్లు దాటడానికి రికర్వ్ బాణానికి ఒక సెకనుకు కొంచెం పైనే పడుతుంది. ఆషాఢంలో మన చెలకల మీద వీచే పడమటి గాలికి అంత సమయం చాలు. సన్నని షాఫ్ట్, చిన్న ఈక, కాస్త బరువైన మొన ఉంటే నష్టం తగ్గుతుంది. ఇండోర్‌లో ఎక్కువ పాయింట్లున్న వలయం గీత తాకడానికి వాడే లావు బాణాలు బయట పనికిరావు.

ఎండకు బాణాలు పాడవుతాయా?

షాఫ్ట్‌కు ఏమీ కాదు, మొనను పట్టిన హాట్ మెల్ట్ జిగురు మెత్తబడుతుంది. మే నెలలో మూసిన కారులో వదిలేస్తే సాధనలో బాణం లాగగానే మొన బట్‌లోనే ఉండిపోతుంది. ఫోమ్ బట్ కూడా రాపిడికి కరిగి షాఫ్ట్‌కు అంటుకుంటుంది. కొట్టే ముందు బాణం ముందు భాగానికి సబ్బు రుద్దండి, లాగడానికి రబ్బరు పట్టు వాడండి. కార్బన్ బాణం మొన ఊడదీయాలంటే మంటను షాఫ్ట్‌కు చూపించొద్దు. మొన కొసను మాత్రమే వేడి చేయండి, లేదా మరిగిన నీళ్లలో ముంచి శ్రావణంతో లాగండి.

పగిలిన బాణాన్ని ఎట్లా గుర్తుపట్టాలి?

కొట్టిన ప్రతిసారీ, అవును ప్రతిసారీ, రెండు కొసలు పట్టుకొని మెల్లగా వంచి, తిప్పి, చెవి దగ్గర వినండి. టిక్కుమన్నా, చిటపటమన్నా ఆ బాణం పని అయిపోయింది. దూదిని షాఫ్ట్ మీద లాగితే పోగు లేచిన చోట చిక్కుకుంటుంది. పగులు మీద టేపు చుట్టి వాడేవాళ్లున్నారు, అది మూర్ఖత్వం. వదిలినప్పుడు ముక్కలై అరచేతిలో దిగే కార్బన్ పోగులు ఎక్స్‌రేలో కూడా సరిగా కనిపించవు. పనికిరానిదాన్ని రెండుగా విరిచి పారేయండి, లేకపోతే పిల్లలు మళ్లీ ఏరుకుంటారు.

ఎన్ని కొనాలి? వాడినవి కొనొచ్చా?

డజను. అర్హత రౌండ్‌లో ఒక్కో విడతకు 6 బాణాలు కొడతారు, 12 విడతలు, మొత్తం 72. మిగతా ఆరు విరగడానికీ, పోవడానికీ. డజనును బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు మీద విడివిడిగా తూచి అంకె రాసుకోండి. 0.01 గ్రాము చూపించే త్రాసు చాలు. దగ్గరి బరువులున్న ఆరింటిని పోటీకి, మిగతావి సాధనకు. వేర్వేరు పెట్టెల్లోంచి ఏరిన ఖరీదైన బాణాల కంటే ఒకే బరువున్న చవక డజను మంచి గుంపు కొడుతుంది.

వాడిన అల్యూమినియం కొనొచ్చు, అద్దం మీద దొర్లించి చూస్తే ఒంకర తెలుస్తుంది. వాడిన కార్బన్ తెలిసినవాళ్ల దగ్గర తప్ప వద్దు.

పోటీల్లో బాణం మీద ఏమైనా నియమాలున్నాయా?

షాఫ్ట్ మందం 9.3 మిల్లీమీటర్లు దాటకూడదు. ప్రతి బాణం మీద మీ పేరు గానీ పొడి అక్షరాలు గానీ ఉండాలి. ఒక విడతలో కొట్టేవన్నీ ఒకే రంగు ఈకలు, నాక్‌లతో ఉండాలి. ఒక్క నాక్ వేరే రంగుదైనా తనిఖీలో తీయిస్తారు.

ఇంటి దగ్గర, పొలంలో సాధన చేయొచ్చా?

గోనె సంచుల్లో పాత బట్టలు కూరి, తొక్కి, గట్టిగా కుడితే 30 పౌండ్ల లోపు రికర్వ్‌ను ఆపుతుంది. ఇసుక బస్తా వద్దు, షాఫ్ట్ గీరుకుపోతుంది. వరిగడ్డి మోపులు బిగించి కట్టినా పనిచేస్తాయి, వానకు కుళ్లితే లోపల పట్టు పోయి బాణం అవతలికి దూరుతుంది. బట్ వెనుక ఎత్తైన మట్టి కట్ట ఉండాలి. ‘అటువైపు ఎవరూ రారు’ అన్నది లెక్క కాదు, గొర్లు మేపేవాళ్లు వస్తారు. తప్పిపోయిన కాంపౌండ్ బాణం 200 మీటర్లు దాటి పోతుంది. ఆకాశంలోకి ఎక్కుపెట్టి లాగడం అసలే వద్దు.

కాజీపేట నుంచి రైల్లో పోటీలకు పోవాలి. బాణాలు ఎట్లా తీసుకుపోవాలి?

ప్లంబింగ్ సామాను దుకాణంలో 3 అంగుళాల పీవీసీ పైపు 85 సెంటీమీటర్లు కోయించి, రెండు వైపులా మూతలు పెట్టుకోండి. అడుగున రెండు వేళ్ల మందం ఫోమ్ వేసి, మొనలు దాంట్లో దిగేలా బాణాలు నిలబెట్టండి. ఈకలు ఒకదానికొకటి నలగకుండా సగం బాణాలకు మధ్యలో కాగితం చుట్టండి. బెర్త్ కింద పడుకోబెట్టినా, ఎవరైనా దాని మీద కూర్చున్నా విరగవు.